పనసకాయ పలావు

కరీముల్లా బాధ ఒక్కటే. వాడి పలావు తిన్నవాళ్ళంతా మెచ్చుకున్నారు, పీరుగారు తప్ప.

వినడానికి చిన్న బాధే. కానీ వాడికి అంతకన్నా పెద్దది లేదు. వాడి తండ్రి పెళ్ళిళ్ళకు వంట చేసేవాడు. ఆయన మాంసం పలావు దించి మూత తీస్తే, పందిరి అవతలున్న మగపెళ్ళివారు కూడా మాట ఆపి అటు తిరిగేవారు. ఆ చెయ్యి ఉన్నదున్నట్టు కొడుక్కి వచ్చింది. తండ్రి పోయాక కరీముల్లాకు దేనిమీదా మనసు నిలవలేదు. తిరిగి తిరిగి కొండ దిగువన ఉన్న ఈ తకియాకు చేరాడు. తకియా అంటే పెద్ద కట్టడమేమీ కాదు, ఒక పెంకుటిల్లు, ముందు వాకిలి, దారిన పోయే ఫకీర్లు నడుం వాల్చడానికి పొడుగాటి అరుగు. అక్కడ ఉండే పీరుగారు ముసలివారు, మాట పొదుపు. వాణ్ణి పేరు అడిగారు, ఊరు అడిగారు. "వంట వచ్చా?" అన్నారు. వచ్చన్నాడు. పొయ్యి చూపించారు. వాడి శిష్యరికం అలా మొదలైంది.

తకియాలో మాంసం, చేప, ఏ నీచూ వండరు. గురువారం గురువారం పీరుగారి దగ్గరికి జనం వస్తారు. కొండమీది సవరలు, కింది ఊళ్ళ సాలెవాళ్ళు, షావుకార్లు, సాయిబులు, ఎవరొచ్చినా అక్కడే భోజనం, అందరికీ ఒకటే వరస. కాబట్టి అందరూ తినగలిగిందే వండాలని పీరుగారి నియమం.

కొన్నాళ్ళు కరీముల్లా బుద్ధిగా పప్పూ అన్నం వండాడు. చెయ్యి మాత్రం ఊరుకోలేదు. తండ్రి ఇచ్చిన విద్యంతా పప్పుగుత్తి కింద పడి నలిగిపోతోందని లోలోపల కుమిలిపోయేవాడు. ఎండలు ముదరకముందే కొండమీంచి లేత పనసకాయలు దిగాయి. ఒకటి కోసి చూశాడు. ముక్క నారనారగా విడుతోంది. ఆ సాయంత్రమంతా వాడి కాలు నేలమీద నిలవలేదు.

తండ్రి మాంసానికి చేసినవన్నీ వాడు పనసకాయకు చేశాడు. పెరుగు పట్టించి నానబెట్టాడు. ఉల్లిపాయలు ఎర్రగా వేయించాడు. మూత చుట్టూ పిండి మెత్తి ఆవిరి బయటికి పోకుండా చేశాడు. ఇవన్నీ ఎవరైనా చేస్తారు. ఎవరూ చెయ్యనిది ఇంకొకటి ఉంది, అది తండ్రి వాడి ఒక్కడికే చెప్పాడు. అందుకే వంటింటి తలుపు గడియ పెట్టుకుని వండేవాడు.

ఇక జనం సంగతి చెప్పక్కర్లేదు. "ఇదేం మాంసం రా?" అని కొత్తగా వచ్చినవాళ్ళు చెవి దగ్గర గుసగుసగా అడిగేవారు. వాడు నవ్వి, "తిని చూడండి, మీకే తెలుస్తుంది" అనేవాడు. వాళ్ళు వేళ్ళు నాకి, మేకో గొర్రో తేలక వాదులాడుకుంటుంటే, అప్పుడు తాపీగా చెప్పేవాడు పనసకాయ అని. వాళ్ళు నోళ్ళు తెరిచే ఆ క్షణం కోసం వారమంతా ఎదురుచూసేవాడు. వాణ్ణి తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. తండ్రి ఇంకా బతికే ఉన్నట్టు వాడికి తోచేది ఆ క్షణంలోనే.

పీరుగారు వరస చివర కూర్చుని, పెట్టింది తిని, తన పళ్ళెం తానే కడుక్కుని లేచేవారు.

"ఎలా ఉంది బాబా?"

"ఉప్పు సరిపోయింది" అనేవారు.

ఒక గురువారం అప్పయ్యమ్మ అనే ఆవిడ వచ్చింది. చంకలో పసిపిల్ల. తెల్లారకుండా బయల్దేరి నడిచి వచ్చిందట, కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము. పిల్లను చాన్నాళ్ళు జ్వరం పీల్చేసింది. అది తగ్గితే ఏడాదిపాటు నీచు ముట్టనని అమ్మవారికి మొక్కుకుంది. జ్వరం తగ్గింది. పీరుగారి చేత కూడా పిల్ల తలమీద చెయ్యి వేయించుకుందామని వచ్చింది. ఇంకెక్కడా మంచినీళ్ళు తప్ప ముట్టకుండా, తకియాలో అయితే నిశ్చింతగా తినొచ్చని ఆకలి ఓర్చుకుని ఉంది.

వరసలో కూర్చున్నాక ఆకులో పలావు పడింది. వాసన తగిలేసరికి ఆవిడ చెయ్యి ఆగింది.

"బావూ, ఇది నీచు కాదు గందా?"

కరీముల్లా అలవాటుగా నవ్వాడు. "తిని చూడమ్మా, నీకే తెలుస్తుంది."

నవ్వుతూ చెప్పాడు గదా అని ఆవిడ నమ్మింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగింది. మరుక్షణం ఆవిడ ఎడమచెయ్యి ఒళ్ళో ఉన్న పిల్ల నుదుటిమీదికి పోయింది. జ్వరం వచ్చేసిందేమోనని చూసుకుంటోంది.

"ఎంత పని సేసినావు బావూ" అంది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"అమ్మా, అది పనసకాయ. ఒట్టు."

"నాను నీచు తిన్నదాన్నే. పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచి తిన్నాను. నాకు తెల్దేటి?"

పక్కవాళ్ళు నవ్వారు. మేమూ మొదట అలాగే మోసపోయామమ్మా, పనసకాయే, తిను అన్నారు. ఆ నవ్వులతో ఆవిడకు ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఆకు ముందునుంచి లేచిపోతుంటే, కరీముల్లా గుమ్మం దాకా వెంటపడి మళ్ళీ ఒట్టు పెట్టాడు.

"నానడిగినాను గందా" అంది ఆవిడ. "అడిగినప్పుడు నవ్వినావు. ఇప్పుడొట్టెడితే ఎలా నమ్మీది?"

తన వంటకు ఇంతకన్నా పెద్ద మెప్పు ఏ జన్మలోనూ రాదని వాడికి తెలుసు. అయినా చేతిలోని గరిటెను వెనక్కి దాచుకున్నాడు.

అప్పటికి పీరుగారు చెయ్యి కడుక్కుని వచ్చారు. ఆవిడ చెప్పిందంతా విన్నారు. వాడి వైపు చూడలేదు.

"నేనూ నీచు ముట్టను తల్లీ" అన్నారు. "నేనూ అదే తిన్నాను. ఒక్క ముద్ద కాదు, కడుపునిండా. అదేమిటో నేనూ తెలుసుకోవాలి. కాసేపు ఉండు." తర్వాత వాడితో, "కాయ ఇంకోటి ఉందా? పొయ్యి ఇక్కడ వాకిట్లో పెట్టు" అన్నారు.

బాబాకు కూడా నా మీద అనుమానమా అనుకున్నాడు కరీముల్లా. అయినా కాయ తెచ్చాడు, కత్తిపీట తెచ్చాడు, మూడు రాళ్ళు పేర్చాడు.

పీరుగారు కత్తిపీట ముందు కూర్చున్నారు. ఆయనకు కోయడం రాదు. చేతికి నూనె కూడా రాసుకోలేదు. నాలుగు ముక్కలు కోసేసరికి జిగురు వేళ్ళకంటి, వేళ్ళనుంచి గడ్డానికంటింది. వెళ్ళిపోదామని పిల్లను భుజాన వేసుకున్న అప్పయ్యమ్మ అది చూసి నిలబడిపోయింది. కొండకింద పుట్టిన మనిషి, పనసకాయ అలా పాడైపోతుంటే చూడలేకపోయింది.

"అలాక్కాదు బాబుగోరూ. లెగండి" అంది. పిల్లను ఆయన ఒళ్ళో పెట్టి, చేతులకు నూనె పట్టించుకుని తనే కోసింది. పైతొక్క నుంచి మధ్య దవ్వ దాకా ప్రతి ముక్కా ఆవిడ చేతిమీదుగానే పడింది. పక్కనే కూర్చుని కరీముల్లా ముక్కలు వేయించాడు. పెరుగు కలుపుతుంటే ఆవిడ గిన్నెలోకి వంగి చూసింది. మసాలా చేతిలో పోయించుకుని వాసన చూసింది. తినడం ముగించినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

అన్నం కూడా ఉడికాక, తండ్రి చెప్పిన ఆ ఒక్కటీ మిగిలింది. కరీముల్లా చెయ్యి ఆగింది. తండ్రి ఆ మాట చెప్పిన రోజు చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని చెప్పాడు. ఇక్కడ ఊరంతా ఉంది. వాడు పీరుగారి వైపు చూశాడు. ఆయన పిల్ల చేత తన గడ్డం పీకించుకుంటున్నారు, వీడి గొడవే పట్టనట్టు.

వాడు పొయ్యిలోంచి ఎర్రటి బొగ్గు ఒకటి తీసి, ఉల్లిపొరలో పెట్టి, అన్నం మధ్యలో ఉంచాడు. దానిమీద చెంచాడు నెయ్యి పోశాడు. పొగ లేచింది. గబుక్కున మూత వేశాడు.

"ఇదేటిది బావూ?"

"నెయ్యి పొగమ్మా" అన్నాడు. "మా నాన్న చెప్పింది. నీకు నీచు వాసన అనిపించింది ఇదే."

మూత తీశాక వాకిలంతా అదే వాసన, ఇందాకటిదే. అప్పయ్యమ్మ ఆకు పట్టింది. ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు నమిలింది. అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు. కరీముల్లా జీవితంలో మొదటిసారి తన వంట పనసకాయలాగే ఉండాలని కోరుకున్నాడు.

"ఇదే" అంది ఆవిడ. "ఇందాకటిది ఇదే బాబుగోరూ. నాను తప్పు సేయనేదు."

కూలబడి ఏడ్చింది. ఇందాకటిలా కాదు, భోరుమని ఏడ్చింది. తర్వాత పమిటతో మొహం తుడుచుకుని, ఆకు ముందుకు జరిపింది.

"పనసకాయ బాగా ఉడికింది బావూ. ఇంకాసింత ఎట్టు."

ఆవిడ తిన్నంతసేపూ కరీముల్లా పక్కనే నిలబడి వడ్డించాడు. పిల్లకు కూడా మెత్తటి ముక్క చిదిపి పెట్టింది. వెళ్ళేటప్పుడు వాడి తల నిమిరి వెళ్ళింది, అది మాత్రం వాడు తట్టుకోలేకపోయాడు.

జనం వెళ్ళిపోయాక పీరుగారు అరుగుమీద కూర్చుని వేళ్ళకు అంటిన జిగురు గీక్కుంటున్నారు. కరీముల్లా నూనె గిన్నె తెచ్చి, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, ఒక్కొక్క వేలికీ నూనె రాశాడు. తిడతారని చూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"ఇక ఈ వంట మానేస్తాను బాబా" అన్నాడు చివరికి.

"ఎందుకు? వంట బాగుంది."

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే పడిగాపులు పడ్డాడు. ఇప్పుడు అది చెవిన పడితే తల ఎత్తలేకపోయాడు. పీరుగారు రెండో చెయ్యి కూడా ముందుకు చాపారు.

"అడిగితే చెప్పు" అన్నారు.