తరవాణి కుండలో నల్లమందు

గొల్ల సూరిడి రోగం నయమైంది. సూరిడు మాత్రం నయం కావడం లేదు. విశ్వపతికి వచ్చిన చిక్కు అది.

విశ్వపతి రామజోగి వైద్యుల శిష్యుడు. వంశధార ఒడ్డున రేవులవలసలో గురువుగారి వైద్యశాల. ఆ ఏడు వరదనీళ్ళు బావుల్లో కలిసి ఊళ్ళకు ఊళ్ళు విరేచనాలతో మంచం పట్టినప్పుడు విశ్వపతి ఒక కషాయం కాచాడు. నేలవేము, వేపబెరడు, వెల్లుల్లి, వాయువిడంగాలు కలిపి, పావువంతు మిగిలేదాకా మరిగించి, వడగట్టి, మళ్ళీ మరిగించాడు. చిక్కగా, తారులా దిగింది. ఆ రంగు చూసి జనం దాన్ని నల్లమందు అన్నారు. తాగినవాడు మొహం చిట్లించేవాడు. మర్నాటికి లేచి కూర్చునేవాడు.

గురువుగారు ఒక చుక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నారు.

"దీన్ని తట్టుకుని ఏ క్రిమీ బతకదు" అన్నారు.

విశ్వపతి ఆ మాటను మెప్పుగానే తీసుకున్నాడు.

సూరిడు గొల్లపేటలో తప్పెటగుళ్ళ జట్టుకు పెద్ద. రొమ్ముకు తప్పెట కట్టుకుని, భుజాల మీద ఇద్దరిని నిలబెట్టుకుని గంతువేసే మనిషి. వరదల్లో అతణ్ణి మంచం మీద మోసుకొచ్చారు. నల్లమందు రెండు పూటలు పడేసరికి విరేచనాలు కట్టేశాయి. వెళ్ళేటప్పుడు విశ్వపతి ఒక ముంతెడు మందు చేతికిచ్చి, "ఇది మళ్ళీ రాకూడదంటే రోజూ పరగడుపున తాగు. అయిపోతే వచ్చి పట్టుకెళ్ళు" అని చెప్పాడు. సూరిడు చెప్పినట్టే చేశాడు.

వానలు వెనకబట్టాక, ఒకరోజు పొద్దున సూరిడు పెళ్ళాం పైడమ్మ భుజం ఆసరాతో వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. చేతులు పుల్లల్లా ఉన్నాయి. పొట్ట మాత్రం ఉబ్బి ఉంది.

"రోగం మళ్ళీ వచ్చిందా?" అన్నాడు విశ్వపతి.

"రోగానికేటి బాబూ, అదెప్పుడో పోనాది. దాని ఎనకాలే ఈ మనిషీ పోతన్నాడు" అంది పైడమ్మ. "అంబలి పోస్తే ఉబ్బరం. మజ్జిగ పోస్తే మెలిపెట్టే నొప్పి. మెతుకు తింటే తిన్నది తిన్నట్టే బయటికొచ్చేస్తంది."

సూరిడు నవ్వబోయాడు. "ఇంక నాకు తప్పెటెందుకు బాబూ. ఈ పొట్ట మీద కొడితే సాలు, ఊరంతా ఇనిపిస్తాది."

"నోర్ముయ్యి" అంది పైడమ్మ. కళ్ళు తుడుచుకుంది.

విశ్వపతి లోపలికి వెళ్ళాడు. గురువుగారు నీరెండలో కూర్చుని ఎండు ఉసిరికాయల్లో పుచ్చులు ఏరుతున్నారు.

"మోతాదు చాలడం లేదు గురువుగారూ. లోపల ఇంకా ఏదో మిగిలి ఉంది. రెట్టింపు ఇస్తాను."

"మిగిలి ఉందంటావు."

"లేకపోతే తిన్నది ఎందుకు అరగదు?"

గురువుగారు చేతిలో ఉసిరికాయ చూసి పళ్ళెంలో వేశారు. లేచి అరుగు మీదికి వెళ్ళి సూరిడి నాడి పట్టుకున్నారు. చాలాసేపు వదల్లేదు.

"పైడమ్మా, ఇతణ్ణి మా వెనక పాకలో ఉంచు. పల్చటి గంజినీళ్ళు గుక్కెడు గుక్కెడు పట్టు. నల్లమందు వద్దు."

"మందు ఒగ్గీడమంటే... ఆశ ఒగ్గీడమేనా బాబూ?"

"కాదమ్మా. వైద్యం ఇప్పుడే మొదలుపెట్టాం."

తర్వాత నల్లమందు ముంత, గరిటె పట్టుకుని ఆయన వంటింటి మూలకు నడిచారు. అక్కడ తరవాణి కుండ ఉంది. బియ్యం కడిగిన నీళ్ళూ, వార్చిన గంజీ పోస్తూ ఉంటే దానంతటది పులుస్తుంది. రాత్రి మిగిలిన అన్నం అందులో వేస్తే తెల్లారేసరికి మెత్తగా, పుల్లగా నాని ఉంటుంది. పళ్ళు ఊడిపోయిన గురువుగారికి పొద్దున పూట అదే ఆహారం. ఆ పులుపు ఆయన గురువుగారి ఇంటి నుంచి వచ్చింది. కుండ పగిలితే పగిలింది గానీ లోపలి పులుపు ఏనాడూ తెగలేదు. దాని మీద ఇంకెవరి చెయ్యీ పడనిచ్చేవారు కాదు.

ఆయన మూత తీసి ఒక గరిటెడు నల్లమందు అందులో పోశారు.

"గురువుగారూ! అది మీరు తినే కుండ!"

"అవును. దీనికి మాత్రం రోగాలు రాకూడదా ఏం? జాగ్రత్త మంచిదే" అని మూత పెట్టారు.

మర్నాడు మళ్ళీ పోశారు. ఆ మర్నాడూ పోశారు. మొదట పులుపు వాసన తగ్గింది. తర్వాత అసలు లేకుండా పోయింది. పైన బూజు పొర కట్టింది. గురువుగారు రోజూ ఆకు వేసుకుని కూర్చునేవారు. మూత తీసి చూసేవారు. మూత పెట్టి, చెంబుడు నీళ్ళు తాగి రోగుల దగ్గరికి వెళ్ళిపోయేవారు. మధ్యాహ్నానికి ఆయన గోడ పట్టుకుని లేవడం విశ్వపతి చూశాడు. వేడన్నం వండి తెచ్చాడు. గురువుగారు ఆకు వెనక్కి జరిపారు.

"వేడన్నం నాకు పడదని నీకు తెలుసుగా" అని ఒక అరటిపండుతో సరిపెట్టుకున్నారు.

అటు పాకలో సూరిడి పరిస్థితి దిగజారలేదు. కుదుటపడనూ లేదు. గంజినీళ్ళు తాగి, గోడకేసి తిరిగి పడుకుంటున్నాడు. హాస్యాలు మానేశాడు. పైడమ్మకు ఆ మౌనం ఎక్కువ భయంగా ఉంది.

ఒకరోజు పొద్దున గురువుగారు విశ్వపతిని పిలిచి, "కుండ నువ్వు చూడు" అన్నారు.

విశ్వపతి మూత తీశాడు. పాచి వాసన గుప్పుమంది. గరిటెతో అడుగు నుంచి పైకి తీశాడు. మొన్న వేసిన మెతుకులు వేసినట్టే ఉన్నాయి. నానలేదు, కరగలేదు. మెతుకు మెతుకుగా గరిటెలో నిలబడ్డాయి.

వెనక పాకలోంచి పైడమ్మ గొంతు వినపడింది. ఎవరితోనో చెబుతోంది. "నిన్న రెండు మెతుకులు పెట్టి సూశానమ్మా. ఏటుంది, పెట్టినవి పెట్టినట్టే..."

విశ్వపతి గరిటె వంక, పాక వంక చూశాడు.

"కొత్త కుండ తెస్తాను" అన్నాడు.

"తే. అందులో ఏం పోస్తావు?"

"కడుగునీళ్ళు పోస్తాను. పులుస్తాయి."

"పులుస్తాయి. నిదానంగా. నేను ఆగుతాను. సూరిడు ఆగుతాడా?"

కుండ ఎవరి కోసమో విశ్వపతికి అప్పుడు తెలిసింది. పైపంచె భుజాన వేసుకుని, చెంబు తీసుకుని గొల్లపేటకు నడిచాడు. వరదల్లో ఆ వీధిలోకి వస్తే జనం లేచి నిలబడేవారు. ఇప్పుడు మొదటి గుమ్మం ముందే ఆగి చెంబు చాచాడు. లోపల నీలమ్మ అనే ముసలమ్మ కుండలు సర్దుకుంటోంది.

"అమ్మా, తోడుకు కొంచెం తరవాణి కావాలి."

నీలమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "ఊరందరికీ మందులిచ్చే బాబు పులిసిన నీళ్ళు అడుక్కోడానికొచ్చాడేటి? మా తరవాణి నీ నల్లమందుకంటే గొప్పదైపోనాదేటి?"

"ఇవాళ్టికి గొప్పదే అమ్మా. చెంబులో పొయ్యి."

ఆమె అతని మొహం చూసింది. చెంబు నింపింది.

కొత్త కుండ ఆ పులుపును పట్టుకుంది. మూత తీయగానే ముక్కుపుటాలు అదిరే వాసన వచ్చిన పొద్దున, గురువుగారు పైతేట ఒక గిన్నెలోకి వంచి పాకలోకి తీసుకెళ్ళారు. ముందు చెంచాతో నాలుక తడిపారు. పూటపూటకూ కొంచెం పెంచారు. తేట నిలిచాక, నానిన మెతుకును వేళ్ళతో నలిపి పెట్టారు. తాను మాత్రం చుక్క ముట్టుకోలేదు. విశ్వపతి బతిమాలినా, "ఇంకా కొత్తది. ఒక్కరికే సరిపోతుంది" అన్నారు. కుండలో సగానికి పైగా ఉంది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున, విశ్వపతి వంటింట్లో ఉండగా పాకలోంచి కేక వినపడింది.

"పైడీ! ఎక్కడ సచ్చావే? ఆకలేస్తంది!"

"సచ్చింది నాను కాదు, నువ్వు" అని పైడమ్మ తిట్టిన తిట్టు సగంలోనే ఏడుపైపోయింది.

గురువుగారు ఆ కేక విని ఆకు తెచ్చి వేసుకున్నారు. విశ్వపతి తరవాణి అన్నం వడ్డించాడు. ఆయన తింటున్నంతసేపూ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఆయన దగ్గర చదువుకున్నాననుకున్నాడు. చదువు ఈ పొద్దున మొదలైనట్టుంది.

ఆ సాయంత్రం అతను మిగిలిన నల్లమందు కుండ ఎత్తుకుని పెరటి గుంత వైపు వెళుతుంటే గురువుగారు అడ్డం వచ్చారు.

"ఎక్కడికి?"

"పారబోయడానికి."

"వరదల్లో సూరిణ్ణి నిలబెట్టింది ఇదే కదా?"

"తర్వాత పడగొట్టిందీ ఇదే గురువుగారూ."

గురువుగారు కుండ అందుకుని వాసన చూశారు. "మంచి పాకం. నా చేతికి ఏనాడూ ఇంత బాగా కుదరలేదు" అంటూ దాన్ని తీసుకెళ్ళి ఎత్తుగా, చెయ్యి అందీ అందని చోట, అటక మీద పెట్టారు.

"మరి దీన్ని ఆపాల్సింది ఎప్పుడు?" అని అడిగాడు విశ్వపతి.

గురువుగారు చేతులు దులుపుకున్నారు.

"దొంగ ఉన్నంతసేపు కర్ర తిప్పు నాయనా. వాడు పారిపోయాక ఇంట్లో మిగిలేది ఇంటివాళ్ళే."