విప్పుడు రుసుం

ఆ రాజ్యంలో తనను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదని మంచాలల్లే గవరయ్య చెప్పుకునేవాడు. పుట్టి, పెరిగి, సంతలో దుకాణం కూడా పెట్టాడని ఆ వారమే తెలిసింది.

ఆ దుకాణం షావుకారు మాణిక్యప్పది. "నెలకు ఒక్క వరహా! పావురంతో ఎన్ని ఉత్తరాలైనా పంపుకోండి!" అని దండోరా వేయిస్తే గవరయ్య కట్టేశాడు. పురిటికి పుట్టింటికెళ్ళిన భార్య దగ్గర్నుంచి పావురం రానే వచ్చింది.

"పంపడమే ఉచితం గవరయ్యా. కాలి దారం విప్పాలంటే రెండు వరహాలు. అది కట్టందే ఎవరి ఉత్తరమూ విప్పం," అన్నాడు షావుకారు.

"తల్లీబిడ్డా ఎలా ఉన్నారో చూడనివ్వండి బాబూ!"

"నియమం నియమమే."

గవరయ్య పట్టు విడిచే రకం కాదు. ఇంటికెళ్ళి బుట్టెడు తాటాకు ముక్కలు తెచ్చి, దుకాణంలోని ఇరవై పావురాలకూ తలా ఒకటి కట్టించాడు.

"ఎవరికిరా ఇన్ని?"

"నాకే. పంపడం ఉచితమేగా!"

పావురాలు ఒక చుట్టు తిరిగి దుకాణం మీదే వాలాయి. కొత్తగా వరహాలు పట్టుకొచ్చినవాళ్ళు బారులు తీరారు. ఖాళీ కాలున్న పావురం ఒక్కటీ లేదు.

"రుసుం కట్టి విప్పించుకోరా!" అని అరిచాడు షావుకారు.

"నా దగ్గర అన్ని వరహాలెక్కడివి బాబూ? కట్టందే విప్పకూడదుగా. నాకు ఊరికే విప్పితే వీళ్ళందరికీ విప్పాలి."

జనం గొల్లున నవ్వారు. షావుకారు పళ్ళు కొరుక్కుంటూ, ఇక ఎవరికీ విప్పుడు రుసుం లేదని దండోరా వేయించి దారాలన్నీ విప్పించాడు.

భార్య ఉత్తరం చేతికి రాగానే గవరయ్య దాన్ని తిరిగి షావుకారుకే ఇచ్చాడు.

"ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం," అని చదివాడు షావుకారు. "మరి ఆ ఇరవై ఉత్తరాల్లో ఏం రాశావురా?"

గవరయ్య తల గోక్కున్నాడు. "ఉత్త ఆకులే బాబూ. నాకు అక్షరం ముక్క రాదు."