జోలపాటకు పండిన గోధుమ చేను

అనగనగా కొండల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక నల్లరేగడి చేను. కళ్ళు మూసుకో నాన్నా, మూసుకుంటేనే ఆ చేను కనిపిస్తుంది. చలికాలం పొద్దున అక్కడ మంచు ఎంత దట్టంగా దిగేదంటే, ఎడ్లు కనపడేవి కావు, వాటి మెడలోని గంటలు మాత్రం వినపడేవి.

ఆ చేను తుల్సవ్వ వాళ్ళది. మొగుడు భోజన్న, అత్త ముత్తవ్వ. వాళ్ళు మందులు కొట్టేవాళ్ళు కాదు, సంచుల ఎరువు వేసేవాళ్ళు కాదు. పెంట ఎరువు, రాలిన ఆకు, అంతే. చలి మొదలవగానే గోధుమలు విత్తేవాళ్ళు. భోజన్న ఎడ్లకు గొర్రు కట్టి తోలేవాడు. గొర్రు మీద గిన్నెలాంటి జడ్డిగం ఉంటుంది. తుల్సవ్వ వెనకే నడుస్తూ అందులోకి పిడికిలితో గింజలు వదిలేది. అవి గొట్టాల్లోంచి జారి సాళ్ళల్లో పడేవి. పాట లేనిదే ఆమె చెయ్యి కదిలేది కాదు.

గోధుమ వేసిన మొదటి ఏడు భోజన్న పక్క చేను ఇస్తారిని చూసి వచ్చాడు. ఇస్తారిది మందుల సేద్యం.

"వాడు పలచగా పోసి మస్తు పండించిండు. మనమూ అట్లనే పోద్దాం" అన్నాడు.

అప్పుడు తుల్సవ్వ బోనం ఎత్తుకుని నడిచేటప్పటి నిదానం పాట అందుకుంది. చెయ్యి కూడా నిదానంగా కదిలింది. గింజలు దూరదూరంగా పడ్డాయి. ఆ తర్వాత ఏమైంది? ఖాళీ జాగా చూసి కలుపు లేచింది. పప్పుకూర మొక్క మొలిచింది, గరిక పాకింది. ఇస్తారి కలుపుకు మందు కొట్టాడు, వీళ్ళు కొట్టరు కదా! ముగ్గురూ నడుములు పడిపోయేలా పీకారు. ఐనా గోధుమ తలెత్తలేదు.

రెండో ఏటికి తుల్సవ్వకు ఆడపిల్ల పుట్టింది. భోజన్నకేమో కలుపు మీద కోపం చల్లారలేదు.

"ఈసారి దానికి కాలు పెట్ట సందుండొద్దు. కుమ్మరించు!" అన్నాడు.

అప్పుడు తుల్సవ్వ బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టే పాట అందుకుంది. పిడికిలి గబగబా తెరుచుకుంది. చేనంతా పచ్చని బొంత పరిచినట్టు మొలిచింది. కలుపు ఊపిరాడక చచ్చింది. అందరూ మురిశారు. కానీ మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, వెలుతురు కోసం పైపైకి సాగాయి. కాడలు దారాల్లా సన్నబడ్డాయి. కంకులు పిల్లి మీసాల్లా మిగిలాయి. ఒక మబ్బుల సాయంత్రం గాలీవానా వచ్చింది. చేనంతా నేల మీద పడుకుంది.

తుల్సవ్వ ఆ తడిలో ఒంటరిగా నడిచింది. అప్పుడు చేను కొసన, మోదుగు చెట్టు దగ్గర, చాపంత జాగాలో గోధుమ నిటారుగా కనిపించింది. కాడలు గట్టిగా ఉన్నాయి, కంకులు బరువుగా ఉన్నాయి, కలుపూ లేదు. ఇక్కడ ఏం జరిగిందబ్బా అని గుర్తు చేసుకుంది.

విత్తే రోజున ఆ మోదుగు కొమ్మకే పిల్లకు ఉయ్యాల కట్టింది కదా. గొర్రు అక్కడికి రాగానే పిల్ల ఏడ్చేది. తుల్సవ్వ చప్పట్ల పాట వదిలి జోలపాట పాడేది. తనకు తెలియకుండానే చెయ్యి కూడా జోలపాటకే కదిలింది.

ఆ తర్వాత కోతలయ్యాయి, వానలు వెలిశాయి, మళ్ళీ చలి వచ్చింది. గుమ్మి అడుగున కాసిని గోధుమలే మిగిలాయి.

"ఇగ చాలు తుల్సా" అన్నాడు భోజన్న. "ఇవి పిండి విసిరి రొట్టెలు చేసుకుందాం. ఎడ్లను అమ్మేసి నేను ఇటుక బట్టీకి పోత."

తుల్సవ్వ మెల్లగా జోలపాట సంగతి చెప్పింది.

"పాటకు పంట పండుతదా?"

"పాటకు కాదయ్యా, చేతికి. ఇస్తారి పోసినంత పలచగా వద్దు, నిరుడు పోసినంత చిక్కగా వద్దు. ఈ గింజలు సగం చేనుకే వస్తయి. సగమే విత్తుదాం."

పొయ్యి దగ్గర నుంచి ముత్తవ్వ అంది: "విత్తుండ్రి బిడ్డా. నాకు జొన్న గట్క చాలు."

మూడో ఏడు మంచులో మళ్ళీ గంటలు మోగాయి. పిల్ల ఇప్పుడు చెట్టు కింద మట్టితో ఆడుకుంటోంది, ఏడవడం లేదు. ఐనా తుల్సవ్వ సాలు మొదటి నుంచి చివరి దాకా జోలపాటే పాడింది. ఎడ్లు సగం నిద్రలో నడిచాయి. గింజలు సగం నిద్రలో మట్టిలోకి జారాయి.

మొక్కలు భుజం భుజం తాకేంత దగ్గరగా మొలిచాయి, ఊపిరి పీల్చుకునేంత దూరంగా పిలకలేశాయి. కలుపు లేచింది గానీ, నీడలో పాలిపోయి ఆగిపోయింది. గాలీవానా మళ్ళీ వచ్చింది. చేను వంగింది, నిద్రలో ఒత్తిగిల్లిన పిల్లలా మళ్ళీ సర్దుకుని లేచింది.

నిండు చేను ఏ ఏడూ ఇవ్వనన్ని గింజలు సగం చేను ఇచ్చింది. కల్లంలో రాశి ముందు భోజన్న ఎడ్ల మెడలు నిమురుతూ ఉండిపోయాడు.

తుల్సవ్వ మొదటి రొట్టె అత్తకు పెట్టింది. ముత్తవ్వ దాన్ని నమిలి నమిలి తిన్నది. ఆ తర్వాత పళ్ళెం మళ్ళీ ముందుకు జరిపింది.

పలచన పోస్తే కలుపుకు విందు,
చిక్కన పోస్తే గాలికి విందు,
చెయ్యెరిగి పోస్తే చంటికి విందు!
కథేమో కంచి బాట పట్టింది,
నిద్రేమో మన ఇంటికొచ్చింది.