హిల్మత్త అంగలు

ఎవరితోనూ పైకి అనని మాట ఒకటుంది. బంతాట గురించి నాకు ఒక్క ముక్క తెలీదు. తెలిసినదానిలాగే ఈ కథ చాలామందికి చెప్పాను. తెలియకపోయినా కథకి లోటేం రాదు, వినండి.

మంచు కురిసే దేశం, పేరు స్వీడన్. అందులో ఊలెబో అని ఒక ఊరు. ఎప్పటి మాటో చెప్పలేను. ఊళ్ళో కలప కోసే మిల్లు ఇంకా తిరుగుతున్న రోజులు. మిల్లుంది కాబట్టి మనుషులున్నారు. మనుషులున్నారు కాబట్టి ఒక ఫుట్‌బాల్ క్లబ్బుంది. గొప్పదేం కాదు. లీగుల్లో కింది నుంచి మూడో మెట్టు. అక్కణ్ణుంచి పైకి ఎక్కింది లేదు, కిందికి జారింది లేదు.

ఆ క్లబ్బుకి హిల్మ అని ఒకామె ఉండేది. మిల్లు క్యాంటీన్లో గిన్నెలు కడిగేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఊరంతా హిల్మత్త అనేవాళ్ళు. శనివారం పొద్దున మైదానానికి సున్నంతో గీతలు గీయడం ఆమె పని. టేపు అడిగితే క్లబ్బులో లేదన్నారు. మొదటి రోజు అంగలేసి చూసుకుంది. పొడవు నూట ముప్పై, వెడల్పు ఎనభై. ఆ లెక్క మళ్ళీ మరిచిపోలేదు. ప్రతి శనివారం హిల్మత్త నడిచేది, లెక్కపెట్టేది, సున్నం పోసేది.

మంచు పడేముందు గోలు కర్రలు పీకి మిల్లు షెడ్డులో పెట్టేవాళ్ళు. మంచు కరిగాక ఆమె అంగలు ఆగిన చోట మళ్ళీ పాతేవాళ్ళు.

పదేళ్ళు గడిచాయి. హిల్మత్త నడిచింది, లెక్కపెట్టింది, సున్నం పోసింది. ఇరవై ఏళ్ళు గడిచాయి. నడిచింది, లెక్కపెట్టింది, సున్నం పోసింది. ముప్పై ఏళ్ళకి మోకాళ్ళు బిగిశాయి. అంగ కురచైంది. లెక్క మాత్రం తప్పలేదు, నూట ముప్పైకి నూట ముప్పై. అంటే మైదానం ఏటేటా మూరెడో బారెడో చిక్కుతూ వచ్చింది.

ఆడేవాళ్ళకి తెలియలేదు. వాళ్ళూ ఆమెతోపాటే పెద్దవాళ్ళవుతున్నారు కదా. సొంత మైదానంలో మూడు ఆటలాడితే మూడూ గెలిచేవాళ్ళు. పక్క ఊళ్ళకి వెళ్ళి మూడు ఆడితే మూడూ ఓడేవాళ్ళు.

"ఈ ఊళ్ళో మైదానం పోయినేడాది కంటే పెరిగింది" అనేవాడు గోల్‌కీపర్ ఆర్వీద్, రొప్పుతూ.

"పెరిగింది నీ పొట్ట" అనేవాడు కెప్టెన్ సిక్స్‌టెన్.

"నా పొట్ట సంగతి సరే. నువ్వెందుకు చతికిలబడ్డావు?"

అలా పక్క ఊళ్ళ మైదానాలన్నీ పెరుగుతున్నాయని ఊలెబో జట్టు గట్టిగా నమ్మింది. లీగుకి ఒక ఉత్తరం కూడా రాశారు, కాస్త తగ్గించమని.

ఒక ఏడు, పైఊరి కుర్రాడొకడు పరుగు ఆపుకోలేక గీత దాటి, చూసేవాళ్ళకి కాఫీ పోసే బల్ల మీద పడ్డాడు. అందరూ నవ్వారు. మరుసటి ఏడు, పైఊరి గోల్‌కీపర్ తన్నిన బంతి తిన్నగా ఆర్వీద్ వెనక వలలో పడింది. కొందరే నవ్వారు. మూడో ఏడు ఎవరూ నవ్వలేదు. వచ్చిన జట్టు లీగుకి ఫిర్యాదు చేసింది.

లీగు కొలతల మనిషి టేపు పట్టుకుని వచ్చాడు. కొలిచాడు.

"ఎనభై నాలుగు మీటర్లు. తొంభైకి తగ్గకూడదు. ఎవరు గీశారు?"

ఎవరూ హిల్మత్త వైపు చూడలేదు. ఆమె సున్నం డబ్బాతో అక్కడే నిలబడి ఉంది.

"నేనే" అంది.

"కొలత తప్పావమ్మా."

"నడుస్తాను. మీరూ లెక్కపెట్టండి."

నడిచింది. ఆయన పక్కనే నడుస్తూ లెక్కపెట్టాడు. ఈ గీత నుంచి ఆ గీతకి నూట ముప్పై. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆమె తన కాళ్ళకేసి చూసుకుంది. అప్పుడు తెలిసింది ఆమెకి.

"రెండు దారులున్నాయి" అన్నాడాయన. "వచ్చే వారం నుంచి ఇంకొకరు టేపుతో గీయాలి. ఈమె మైదానంలో అడుగు పెట్టకూడదు. లేదంటే క్లబ్బు పేరు లీగులోంచి కొట్టేస్తాను."

"నన్ను తీసెయ్యి సిక్స్‌టెన్" అంది హిల్మత్త. "గిన్నెలు కడుక్కుంటాను. శనివారం ఇంట్లో కూర్చోవడం నేర్చుకుంటాను."

సిక్స్‌టెన్ ఆర్వీద్ వైపు చూశాడు. ఆర్వీద్ మిగతావాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు నేలవైపు చూశారు.

"తొంభై మీటర్లు పరిగెత్తే ఓపిక ఇక్కడ ఎవడికుందత్తా?" అన్నాడు ఆర్వీద్.

"కొట్టేసుకోండి" అన్నాడు సిక్స్‌టెన్.

ఆయన కొట్టేశాడు. క్లబ్బు అక్కడితో అయిపోయింది. పట్టికలో ఆ గడి ఇంకో ఊరికి వెళ్ళింది.

వచ్చే శనివారం హిల్మత్త రాదేమో అనుకున్నారు. వచ్చింది. నడిచింది, లెక్కపెట్టింది, సున్నం పోసింది. పదకొండు మందీ తమలో తాము ఆడుకున్నారు. ఎదురు జట్టు లేదు, లెక్కలో గెలుపు లేదు. మిల్లు మూతపడ్డాక కూడా ఆడారు. ఆమె అంగ కురచవుతూనే ఉంది, మైదానం చిక్కుతూనే ఉంది. చివరి ఏడు అది వడ్లు తూర్పారబట్టే కళ్ళమంత అయింది. చేతికర్రలు పక్కన పెట్టి ఆడటానికి సరిగ్గా సరిపోయింది. ఆ చలికాలం హిల్మత్త పోయింది. గోలు కర్రలు మళ్ళీ ఎవరూ పాతలేదు.

ఇప్పుడక్కడ గడ్డి ఉంది. అయినా ఊలెబోలో దారిపక్కన బెంచీ వేయాలన్నా, ఉత్తరాల పెట్టె నాటాలన్నా, ఇంటి ముందు కట్టెలు పేర్చాలన్నా టేపు తీయరు. ఆ వీధిలో అందరికంటే పెద్దవాళ్ళని పిలిచి నడవమంటారు. వాళ్ళు ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటే అక్కడ పెడతారు. కొత్తవాళ్ళు వచ్చి దుకాణం ఎంత దూరమని అడిగితే, "మామూలు అంగల్లో చెప్పమంటారా, హిల్మత్త అంగల్లోనా?" అంటారు.

కథ ఇంతే. ఇది రాస్తుంటే చీరాలలో, టైలరు కొట్టులో నా పక్క మిషను మీద కుట్టే మస్తానక్క గుర్తొచ్చింది. కుట్టుపని నేర్చుకునే రోజుల్లో నేను ఇరవై జాకెట్లు కురచగా కత్తిరిస్తే, అది తన కత్తెర తప్పని చెప్పి, పని పోగొట్టుకుని వెళ్ళిపోయింది. నాలుగేళ్ళయింది. నంబరు నా దగ్గరే ఉంది. చేస్తాను.