పాకం పట్టిన ఓడ

దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో చంటీ. ఊఁ కొడుతూ ఉండాలి. నువ్వు ఆపేస్తే నేనూ ఆపేస్తాను, ఆ తర్వాత ఏమైందని పొద్దున్నే నా కొంగు పట్టుకుంటే చెప్పను.

అనగనగా, కాకినాడ సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఒక ఊరుంది. ఆ ఊళ్ళో పేర్రాజని గొట్టం కాజాలు చేసే ఆయన ఉండేవాడు. కాజా కొరికితే పాకం గడ్డం మీదుగా మోచేతి దాకా కారేది. ఆ పాకం పట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరని ఊరంతా అనేది. ఆయనైతే ఊరికంటే ఎక్కువే అనుకునేవాడు.

ఆయన భార్య పేరు రత్తాయమ్మ. ఆవిడకి బొమ్మల కొలువంటే ప్రాణం. దసరా వచ్చిందంటే గదిలో మెట్లు కట్టి, తెల్లగుడ్డ పరిచి, అటక మీది బొమ్మలన్నీ దింపి పేర్చేది. వాటన్నిట్లోకీ ఆవిడకి ఇష్టమైంది తిరగలి విసిరే ఆడమనిషి బొమ్మ. పెళ్ళినాడు వాళ్ళమ్మ ఇచ్చింది.

ఒకసారి ఆషాఢ మాసంలో పేర్రాజు జల్లిగరిటె కోసం అటకెక్కాడు. గరిటె దొరికింది. దిగుతూ దిగుతూ మోచెయ్యి తగిలించి బొమ్మల బుట్ట కిందకి తోశాడు. మిగతా బొమ్మలకి ఏమీ కాలేదు. తిరగలి బొమ్మ మటుకు పిండి పిండి అయింది.

చేసిందేదో చేశాడు, నోరు మూసుకోవచ్చు కదా? ఊహూఁ. మగవాళ్ళకి అది చేతకాదు. మీ తాతయ్య గురక పెడుతున్నాడు కాబట్టి చెబుతున్నాను. "పోతే పోయిందిలే, మట్టి బొమ్మేగా, తీర్థంలో కొట్ల మీద ఇలాంటివి బండెడు దొరుకుతాయి" అనేశాడు.

రత్తాయమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ముక్కలన్నీ కొంగులోకి ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి ఆయనతో మాట్లాడ్డం మానేసింది.

మరి ఇంట్లో పనులెలా జరుగుతాయి అంటావా? వాళ్ళ వసారాలో ఒక చెక్క స్తంభం ఉంది. ఆవిడ చెప్పాల్సినదేదో ఆ స్తంభానికి చెప్పేది. అన్నం వడ్డించి, స్తంభమా, ఆకలైనవాళ్ళు వచ్చి తినొచ్చు అనేది. ఉప్పు అయిపోయింది, గుర్తున్నవాళ్ళు తేవచ్చు అనేది. పేర్రాజు వచ్చి తినేవాడు, వెళ్ళి ఉప్పు తెచ్చేవాడు.

మొదటి వారం ఆయనకి హాయిగానే ఉంది. రెండో వారం ఇల్లు బోసిపోయినట్టు అనిపించింది. మూడో వారానికి పొయ్యి దగ్గర కూర్చున్న ఆయనకి, నేను పాకం కలుపుతూ ఏం మాట్లాడినా తిరిగి ఒక్క మాట లేదు కదా అని దిగులు పట్టుకుంది. ఆవిడ ఒక్కసారి నావైపు తిరిగి పలకరిస్తే చాలు దేవుడా అని దణ్ణాలు పెట్టుకున్నాడు.

అప్పుడు ఆయనకి ఒక సంగతి తట్టింది. కొలువులో ప్రతి ఏడూ ఒక్కటైనా కొత్త బొమ్మ పెట్టాలి. ఆ బొమ్మేదో నేనే నా చేత్తో చేసి పెడితే ఆవిడ కోపం పోతుంది అనుకున్నాడు. మట్టితో చేద్దామా అంటే మట్టిముద్ద కాజా ముద్దలా సాగదు. ఒక ఏనుగు చేశాడు, అది ఎలకలా వచ్చింది. ఎలకైనా వినాయకుడి దగ్గర పెట్టొచ్చులే అనుకునేలోగా దాని తోక ఊడింది.

ఆ తర్వాత బీరువా మీద ఉన్న అట్టపెట్టె గుర్తొచ్చింది. కాకినాడ రేవులో ఓడ మీద పనిచేసే ఒకాయనకి ఈయన కాజాలంటే పిచ్చి. ఆయన బదిలీ అయి వెళ్ళిపోతూ ఆ పెట్టె ఇచ్చి వెళ్ళాడు. పెట్టె మీద మూడు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. లోపల ఓడ లేదు. చెక్క బద్దలు, పుల్లలు, గుడ్డ ముక్కలు, దారపు ఉండలు, ఒక జిగురు గొట్టం ఉన్నాయి. అన్నీ అతికించుకుంటే ఓడ అవుతుందన్నమాట. ఎలా అతికించాలో చెప్పే పెద్ద కాగితం కూడా ఉంది.

పేర్రాజు జన్మలో ఎన్నడూ కాగితం చూసి పని చెయ్యలేదు. కాజాలకి కాగితం ఉందా? లేదు. మరి ఓడకెందుకు అని దాన్ని మడిచి, బల్ల కాలు ఊగకుండా కింద పెట్టుకున్నాడు. రోజూ మధ్యాహ్నం కొట్టు కట్టేశాక, వసారాలో కూర్చుని ఓడ కట్టడం మొదలెట్టాడు.

ముందు ఓడకి వెన్నెముకలాంటి పొడుగు చెక్క ఉంది. దానికి పక్కటెముకల్లా వంపు చెక్కలు అతికించాలి. అన్నిటి మీదా నెంబర్లు వేసి ఉన్నాయి. పేర్రాజు చకచకా అతికించేశాడు. దూరంగా జరిగి చూసుకుని మీసం దువ్వుకున్నాడు.

అప్పుడు రత్తాయమ్మ చేటలో బియ్యంతో అటుగా వచ్చింది. పెట్టె మీది బొమ్మ చూసింది, ఓడని చూసింది. స్తంభమా, పెట్టె మీది ఓడకి ముక్కు ముందుంది, మనింటి ఓడకి వెనకుంది అని చెప్పి, బియ్యం చెరుగుకుంటూ వెళ్ళిపోయింది.

పేర్రాజు చూశాడు. నిజమే, నెంబర్లు తోకవైపునుంచి మొదలెట్టేశాడు. అన్నీ పీకి, మళ్ళీ అతికించేసరికి గొట్టంలో జిగురు సగం అయిపోయింది. మిగతా సగం మూత పెట్టడం మర్చిపోతే మర్నాటికి రాయైపోయింది.

ఆ తర్వాత పక్కటెముకల మీద సన్న బద్దలు వంచి అతికించాలి. ఆయన కాజాల మూకుట్లో నీళ్ళు కాచి బద్దలు నానబెడితే అవి చక్కగా వంగాయి. మరి జిగురు ఎక్కడిది? పేర్రాజు ఆలోచించాడు. పప్పుచెక్కలో వేరుశనగపప్పునీ వేరుశనగపప్పునీ పళ్ళు ఊడేలా పట్టి ఉంచేది ఏమిటి? పాకం. అంతే, పొయ్యి వెలిగించాడు, బెల్లం వేశాడు.

లేత పాకం కాదు సుమా, చేత్తో ఉండ కట్టే ఉండ పాకమూ కాదు. ముదురు పాకం. చుక్క తీసి చల్లటి నీళ్ళలో వేసి, గిన్నెకి కొడితే టంగుమనాలి. అలాంటిది పట్టానని ఆయన అనుకున్నాడు. ఒక్కో బద్దకీ గరిటె చివరతో రాసి అతికించాడు. ఒక్క ఘడియలో గట్టిపడిపోయింది. పైగా ఓడంతా వార్నిష్ వేసినట్టు మెరిసింది. ఆయన చొక్కా కూడా ఓడకి అతుక్కుంటే కత్తిరించి విడిపించుకోవాల్సి వచ్చింది. వింటున్నావా? ఊఁ కొట్టు మరి.

ఓడకి ఒళ్ళొచ్చింది. ఇక తెరచాప కొయ్యలు మూడూ నిలబెట్టాలి. పేర్రాజు వాటిని గాజు పెంకుతో గీకి గీకి, మూడు రోజులు కష్టపడి నున్నగా చేసి, గట్టు మీద పెట్టి భోజనానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి లేవు. పనిమనిషి పోలమ్మ వాటిని నీళ్ళపొయ్యిలో పెట్టేసింది.

పేర్రాజు గొల్లుమన్నాడు. పోలమ్మ అమాయకంగా, "పుల్లలేగా బాబుగారూ, పెరట్లో ఇలాంటివి మోపెడు ఉన్నాయి" అంది.

ఆయన గట్టు మీద కూలబడ్డాడు. పోలమ్మ నోట తన మాటే విన్నాడు మరి. ఆ బొమ్మ ముక్కలు కొంగులోకి ఎత్తుకుంటున్నప్పుడు రత్తాయమ్మ గుండె ఎలా ఉందో ఆయనకి ఇన్నాళ్ళకి తెలిసింది. తెలిసేసరికి సిగ్గేసింది.

అప్పుడేం చేశాడో తెలుసా? లేచి నేరుగా స్తంభం దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ వినేది ఆ దారినే కదా. చేతులు కట్టుకుని, "స్తంభమా, బొమ్మ చెయ్యి జారి పగిలింది. మాట మాత్రం నేనే కావాలని అన్నాను. అనకూడని మాట అది" అని చెంపలేసుకున్నాడు.

వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగింది. కాసేపయ్యాక మళ్ళీ మొదలైంది.

మర్నాడు మధ్యాహ్నం బల్ల మీద ఆయన కళ్ళజోడు పక్కన మూడు కొబ్బరి ఈనెలు ఉన్నాయి. మంచి లావువి, ఒకదానికంటే ఒకటి పొడుగు, నూనె రాసి నున్నగా తుడిచినవి. పేర్రాజు ఆశగా వంటింటివైపు చూశాడు. రత్తాయమ్మ ఆయనవైపు తిరగనేలేదు. స్తంభమా, ఈ చీపురు మరీ పాడైంది, ఈనెలు ఎక్కడపడితే అక్కడ రాలిపోతున్నాయి అంది.

ఆ మూడు ఈనెలే తెరచాప కొయ్యలయ్యాయి. తాళ్ళు కట్టడానికి ఆయనకి వచ్చిన ముడి ఒక్కటే, కాజాల పొట్లానికి వేసే ముడి. ఓడ నిండా అదే వేశాడు. నడిసముద్రంలో ఆ ఓడకి గాలివాన తగిలినా తెరచాపలు ఊడవు కానీ, కాజాలు కావాలేమో అనుకుని జనం మూగుతారు.

దసరా వచ్చింది. పాడ్యమి నాడు పొద్దున్నే పేర్రాజు ఓడని తెచ్చి కొలువు మెట్ల ముందు పెట్టి, తలుపు చాటున నిలబడ్డాడు. రత్తాయమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కిందనుంచి రెండో మెట్టు మీద, రాజూ రాణీ బొమ్మల పక్కన పెట్టింది. ఆయన ఆ పూటంతా ఆ గదిలోకి పదిసార్లు తొంగిచూశాడు. ఆవిడ దేవుడి పాటలు పాడుకుంది, స్తంభంతో మాట్లాడింది.

ఆ తర్వాత ముసురు పట్టింది. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు వదలకుండా జల్లు. గోడలు చెమ్మగిల్లాయి, అప్పడాలు మెత్తబడ్డాయి. మూడో రోజు సాయంత్రం పేరంటం. వీధిలో ఆడవాళ్ళందరూ వచ్చారు. శనగలు పంచుతున్నారు, పసుపు రాస్తున్నారు.

ముందుగా చూసింది ఎదురింటి సూరమ్మగారు. ఓడ మధ్య కొయ్య మెల్లగా పక్కకి ఒరిగింది. ఓడకి నిద్రొస్తున్నట్టుంది అంది ఆవిడ. అప్పుడు పక్క బద్ద ఒకటి తెరుచుకుంది. దాని వెనకే ఇంకొకటి. ఇంకొకటి. బెల్లం రంగు నీరు రెండో మెట్టు మీంచి మొదటి మెట్టు మీదకి జారింది. రాజుగారి కిరీటం రాణిగారి చేతికి అంటుకుపోయింది.

ఇక చీమలు. ఎప్పటినుంచి కాచుకుని ఉన్నాయో ఏమో, గోడవారన బారు తీరి వచ్చి ఓడెక్కాయి. కొన్ని తెరచాప మీద, కొన్ని చుక్కాని దగ్గర. ఓడలో చోటు దొరకనివి దిగి పేరంటాళ్ళ పాదాల మీదకి వచ్చాయి. సూరమ్మగారు శనగల పొట్లం వదిలేసి గెంతింది. ఆవిణ్ణి చూసి అందరూ చీరలు పైకెత్తుకుని గెంతులు. పసుపు గిన్నె దొర్లింది, తాంబూలాలు చెల్లాచెదరయ్యాయి.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ పేర్రాజుకి పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తగారిచ్చిన బొమ్మ పగలగొట్టాను, ఇప్పుడు కొలువూ పాడుచేశాను, ఇక ఈ జన్మలో ఆవిడ నాతో మాట్లాడదు అనుకున్నాడు.

రత్తాయమ్మ మటుకు గెంతలేదు. నింపాదిగా వెళ్ళి ఓడ ముందు వంగింది. ఊడిన బద్ద ఒకటి తీసి, చీమలు దులిపింది. వాసన చూసింది. నాలిక చివర పెట్టుకుంది. కళ్ళు మూసుకుని కాస్త చప్పరించింది. గెంతుతున్నవాళ్ళు కూడా ఆగి ఆవిడనే చూస్తున్నారు.

అప్పుడు తల తిప్పింది. వసారాలో స్తంభంవైపు కాదు చంటీ, వంటింటి గుమ్మంవైపు.

"ఏమండీ, ఇది ముదురు పాకం కాదు. ఉండ పాకం దగ్గరే దించేశారు" అంది.

ఊళ్ళో ఇంకెవరైనా ఆయన పాకానికి వంక పెడితే పేర్రాజు పెద్ద రగడ చేసేవాడు. ఆ రోజు బుగ్గల మీదకి నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయి, "అవును రత్తాయీ, దించేశాను. మొత్తం తప్పు నాదే" అన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. నవ్వీ నవ్వీ మెట్ల ముందే చతికిలబడి, ఆ చీపురు ఇటు తెండి, నిలబడి చూస్తారేం, రాజుగారి నెత్తికెక్కుతున్నాయి చీమలు అని కేకలేసింది. ఆయన చీపురు తేవడానికి పరిగెత్తాడు. అంత సంతోషంగా చీపురు తెచ్చిన మొగుణ్ణి ఆ వీధిలో ఎవరూ చూడలేదట.

ఆ తర్వాత ఇల్లు కడిగారు, బొమ్మలు తుడిచారు, ఓడ బద్దలు ఏరి నీళ్ళలో వేశారు. అంతసేపూ రత్తాయమ్మ మాట్లాడుతూనే ఉంది. మూడు నెలలుగా లోపల పెట్టుకున్నవన్నీ చెప్పింది. పెసరావకాయ ఎందుకు కుదరలేదో, సూరమ్మగారి దూడ మన తోటకూర ఎన్నిసార్లు మేసిందో చెప్పింది. వాళ్ళమ్మ ఆ తిరగలి బొమ్మని గడ్డిలో చుట్టి, కాలవ పడవలో ఒడిలో పెట్టుకుని, దిగేదాకా కాళ్ళు కదపకుండా తెచ్చిన సంగతీ చెప్పింది. అన్నేళ్ళు కాపురం చేసినా ఆ సంగతి పేర్రాజు వినడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్న కాజాల కోసం కొట్టు ముందు జనం చేరారు. పండగ రోజులు కదా, చుట్టుపక్కల ఊళ్ళనుంచి కూడా వచ్చారు. ఎంతకీ తలుపు తెరుచుకోదు, పొయ్యి వెలిగిన వాసన లేదు. ఆఖరికి ఒకాయన గట్టిగా తలుపు బాదాడు.

పేర్రాజు తలుపు ఓరగా తీసి తల మాత్రం బయటపెట్టాడు.

"మా ఆవిడ మాట్లాడుతోంది. కాజాలు రేపు" అని చెప్పి, మళ్ళీ తలుపేసుకున్నాడు.

చీమలు పుట్టకి, పాకం చట్టికి,
కదిలెను కథ కంచికి, మళ్ళితిమి మనమింటికి,
దుప్పటి మెడకి, చంటి నిద్దరకి.