మల్లప్ప నమిలిన నలభై ఆకులు

రండి, ముందు ఆ గోడ దిగండి. సుంకులూ, చాప ఆ చివర పట్టుకుని లాగు. వెనకవాళ్ళు ముందుకు జరగండి, అరిచి చెప్పడానికి నాకు గొంతు లేదు. మన ఆటస్థలంలో పంట నూర్చే కళ్ళం వేస్తారట, పంచాయతీవాళ్ళు తీర్మానం చేస్తారట అని పొద్దున్నుంచీ నా చెవి దగ్గర జోరీగల్లా తిరుగుతున్నారు. సరే. కథ అయ్యాక ఆ సంగతి మాట్లాడదాం.

మద్దిలోయ అడవిలో ఒక విద్యాపీఠం ఉండేది. అక్కడ చెప్పేది ఒకటే చదువు. పులి వస్తే ఎలా అరవాలి, ఎటు తిరిగి అరవాలి, ఎంతసేపు అరవాలి. జింకపిల్లలూ నెమలిపిల్లలూ అడవికోడి పిల్లలూ అక్కడే నేర్చుకునేవి. ఓబులమ్మ అనే ముసలి కొండముచ్చు ఆ పీఠానికి పెద్ద. పిల్ల అరవడమే ఆలస్యం, కొమ్మ మీంచి "మళ్ళీ" అనేది. బాగా అరిచినా "మళ్ళీ", అధ్వాన్నంగా అరిచినా "మళ్ళీ". ఆ మాట వినీ వినీ చుట్టుపక్కల చెట్లకు కూడా విసుగు పుట్టింది.

విద్యాపీఠానికి ఒక ప్లీడరు ఉన్నాడు. పేరు పట్టాభి, జాతికి ఉడుము. ఒక్క పాయింటు దొరికిందంటే దాన్ని కరుచుకుని ఇక వదలడు.

అడవికి ఒక శాసనసభ ఉంది. మల్లప్ప అనే అడవిదున్న దానికి పెద్ద, నక్క గుమాస్తా. ఒకరోజు నక్క సభలో కొత్త చట్టం చదివింది.

"పులిని కళ్ళారా చూసినవాళ్ళు తప్ప మరెవ్వరూ పులి కేక వేయరాదు."

మూడోరోజు పొద్దు వాలేలోగా ఎవరేం చెప్పుకోవాలన్నా చెప్పుకోవచ్చు. ఆ తరవాత సభ్యులు తోకలెత్తుతారు. తోకలు లేచాయంటే వచ్చే వానాకాలం దాకా ఆ చట్టాన్ని సభలో ఎవరూ ముట్టుకోకూడదు. అదీ పద్ధతి.

ఓబులమ్మ పరుగున ప్లీడరు దగ్గరికొచ్చింది.

"విన్నారా పట్టాభిగారూ? పులిని చూశాకే అరవాలట. మరి పిల్లలకు నేర్పేదెప్పుడు? పులిని తీసుకొచ్చి బల్ల పక్కన కూర్చోబెట్టనా?"

పట్టాభి బండ మీద ఎండ కాచుకుంటున్నాడు. కళ్ళు తెరవలేదు.

"రానివ్వండమ్మా ఆ చట్టాన్ని. ఏనుగు న్యాయస్థానంలో ముక్కలు ముక్కలు చేస్తాను."

"ఏనుగు ఎప్పుడొస్తాడు ఈ అడవికి?"

"ఎండాకాలం చివర్లో."

"ఇప్పుడేం కాలం?"

"ఇప్పుడే కదమ్మా వానలు తగ్గాయి."

"అంటే ఆరేడు నెలలు నా పిల్లలు నోరు మూసుకుని కూర్చోవాలి. మీరు కేసు గెలిచేసరికి ఆ గెలుపు చెప్పడానికి ఒక్క కోడిపిల్ల కూడా మిగలదు. ఆ మల్లప్ప దగ్గరికి ఒకసారి వెళ్ళి మాట్లాడరాదా?"

"నేను ప్లీడర్నమ్మా. సభ్యుల గడపల ముందు నిలబడి బతిమాలడం నా పని కాదు."

ఓబులమ్మ అతని తోక పట్టుకుని లాగింది. ఉడుమును లాగి ఎవరు గెలిచారు? నాలుగు గోళ్ళూ బండలో దిగేశాయి. ఆమె చేతులు నొప్పిపుట్టి వదిలేసింది.

"పోనీ," అన్నాడు పట్టాభి, "మీ తృప్తి కోసం అభ్యంతరపత్రం రాసి పంపుతాను."

రెండు రోజులు కూర్చుని గోటితో రాశాడు. నలభై అడ్డాకులు నిండాయి. పూర్వం ఏయే అడవుల్లో ఏయే తీర్పులు వచ్చాయో వరసగా దించాడు. కట్ట కట్టి, ఎవరో అటు వెళ్తుంటే మల్లప్పకు ఇమ్మని పంపి, మళ్ళీ బండెక్కి పడుకున్నాడు.

మూడోరోజు మధ్యాహ్నం దాటింది. సభ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఓబులమ్మ కొమ్మ మీంచి చూసే చూపులకు బండ కూడా వేడెక్కిపోతోంది. ఇక తప్పదని పట్టాభి తానే బయల్దేరాడు.

మల్లప్ప వెదురుపొద పక్కన నిలబడి నెమ్మదిగా నెమరు వేస్తున్నాడు. నోటి పక్కనుంచి ఒక ఆకు కొస వేలాడుతోంది. దాని మీద పట్టాభి దస్తూరీ.

"అయ్యా, నా పత్రం చదివారా?"

"వచ్చింది నాయనా. కాస్త పసరు వాసన. కానీ బాగానే ఉంది."

గడ్డి తినేవాడికి ఆకుల కట్ట పంపి చదవమన్నాను కదా అని పట్టాభికి అప్పుడు తట్టింది. వచ్చిన కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, నోటికొచ్చింది అడిగేశాడు.

"ఇంతకీ మీకు మా పిల్లల కేకలతో వచ్చిన ఇబ్బందేమిటి?"

మల్లప్ప నెమరు ఆపాడు.

"ఇన్నాళ్ళకు అడిగావు. ఇటు రా."

పొద వెనక మల్లప్ప కూతురు గంగి పడుకుని ఉంది. ముందుకాలు వాచి మొద్దులా ఉంది.

"మీ పిల్లలు అరుస్తారు. మేం నిజంగా పులే అనుకుని, పిల్లలు తప్పుకోవడానికీ పెద్దవాళ్ళు అడ్డం పడడానికీ పరిగెత్తుతాం. పోయిన వారం ఒక్కరోజే ఎన్నిసార్లు పరిగెత్తామో తెలుసా? ఎనిమిదిసార్లు. ఎనిమిదోసారి ఇది రాళ్ళలో పడింది. కడుపుతో ఉన్న పిల్ల. నేనేం చేయాలో నువ్వే చెప్పు."

"మీరు ఇది మాకు చెప్పలేదే."

"ఎవరికి చెప్పను? మీ ఓబులమ్మ పలకరిస్తే 'పాఠం జరుగుతోంది' అంటుంది. నువ్వు బండ దిగవు. గుమాస్తా రోజూ వచ్చి కూర్చుంటాడు. అయ్యో పాపం అన్నాడు, ఒక్క ముక్క రాసుకొచ్చాడు, తోకెత్తితే చాలన్నాడు."

పట్టాభి పాకుతూ గంగి కాలి దగ్గరికి వెళ్ళాడు.

"తప్పు మాదేనయ్యా," అన్నాడు. "కానీ ఈ చట్టం ఇలాగే వస్తే పిల్లలకు కేక రాదు. రేపు నిజంగా పులొస్తే గంగికి చెప్పేవాళ్ళుండరు. అది ఈ కాలితో లేచేసరికి ఆలస్యమైపోతుంది."

మల్లప్ప చెవులు కదిలాయి. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

"చట్టం మానేయమంటావా?"

"వద్దు. ఒక్క ముక్క చేర్చండి. పాఠాలు వాగు అవతల. రోజుకు ఒక్కపూట. మొదలుపెట్టే ముందు వడ్రంగిపిట్ట మూడుసార్లు మాను కొడుతుంది. అప్పుడు వినపడే కేకలకు మీరు పరిగెత్తనక్కర్లేదు."

మల్లప్ప తల అడ్డంగా ఊపాడు. "నువ్వు చదువుకున్నవాడివే కానీ పచ్చికలో తిరగలేదు. సరిగ్గా ఆ పాఠం వేళకే ఎవడైనా పిల్లల మీద పడితే? మేం పాఠమే కదా అని మేస్తూ కూర్చుంటాం."

నలభై ఆకుల్లో పట్టాభికి తట్టని పాయింటు అది. ఈసారి సిగ్గుపడకుండా అడిగాడు. "మరేం చేద్దామంటారు?"

మల్లప్ప వంగి అతని చెవిలో ఏదో అన్నాడు. పట్టాభి నవ్వాడు.

వాగు దాటాలనేసరికి ఓబులమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. "పసిపిల్లల్ని నీళ్ళు దాటించమంటారా? మిమ్మల్ని పంపింది బేరంలో ఓడిపోయి రమ్మనా?" గంగి కాలి సంగతి చెప్పాక తోక నలుపుకుంది. "ఆ ముక్క ముందే తెలిస్తే నేనే దాటేదాన్ని," అని గొణిగింది.

పొద్దు వాలే వేళకు సభ కూడింది. మల్లప్పే లేచి కొత్త ముక్క చెప్పాడు. "పాఠం కేకలు వాగు అవతల, వడ్రంగిపిట్ట మూడు దెబ్బలయ్యాక, సభా, విద్యాపీఠమూ కలిసి అనుకున్న గుర్తుతో వేయవచ్చును."

నక్క ముందు మొహం మాడ్చింది. రాస్తూ రాస్తూ ఉండగా దాని మీసాలు లేచాయి. మూడు దెబ్బలు పడ్డాక కోడిపిల్ల ఎంత అరిచినా ఎవరూ రారన్నమాట. ఇంతకన్నా మంచి చట్టం తాను కూడా రాయలేకపోయేది. గుర్తంటే ఆ దెబ్బలేగా అనుకుంది.

"దివ్యంగా ఉందయ్యగారూ," అంటూ అందరికన్నా ముందు తన తోకే ఎత్తింది. గుమాస్తాకు తోకెత్తే హక్కు లేదని పక్కనున్న అడవిపంది దింపించింది.

మర్నాడు వడ్రంగిపిట్ట మూడుసార్లు కొట్టింది. వాగు అవతల జింకపిల్ల అరిచింది.

"మళ్ళీ," అంది ఓబులమ్మ.

నెమలిపిల్ల అరిచింది.

"మళ్ళీ."

ఇవతల దున్నలు తలెత్తకుండా మేస్తున్నాయి. పొదచాటు నక్క తీరిగ్గా నాలిక తడుపుకుంది. ఒక్క దూకు దూకి చిన్న కోడిపిల్ల తోక పట్టుకుంది. కోడిపిల్ల ప్రాణం పోయేట్టు అరిచింది. పాఠంలో ఏ పిల్లా అంత బాగా అరవలేదు.

"అరువమ్మా అరువు," అంది నక్క. "చట్టప్రకారమే అరుస్తున్నావు."

ఓబులమ్మ మాట్లాడలేదు.

వాగు ఇవతల మల్లప్ప గడ్డిపరక నోట్లో పెట్టుకుని ఆగాడు. కేక వినపడింది. తరవాత "మళ్ళీ" వినపడలేదు. ముందురోజు అతను పట్టాభి చెవిలో చెప్పిన, పట్టాభి వెళ్ళి ఓబులమ్మకు చెప్పిన గుర్తు అదే. ఓబులమ్మ "మళ్ళీ" అంటే పాఠం. అనకపోతే నిజం.

పదకొండు దున్నలు ఒక్కసారి వాగులోకి దిగాయి. నక్కకు వెనక్కి తిరిగే వ్యవధి చిక్కలేదు. మల్లప్ప కొమ్ముల మీంచి లేచి వాగు నడిమిలో పడింది. కోడిపిల్లకు మూడు ఈకలు పోయాయి, అంతే. తడిసిన నక్క ఒడ్డెక్కేసరికి అక్కడ పట్టాభి కూర్చుని ఉన్నాడు.

"గుమాస్తాగారూ, చట్టం మీరే రాశారు కదా. గుర్తు అన్న మాట దగ్గర ఒక్కసారి ఆగి అడగకపోయారా?"

ఆ తరవాత నక్క మళ్ళీ సభ ఛాయలకు రాలేదు. పట్టాభి మాత్రం రోజూ సాయంత్రం బండ దిగి వెదురుపొద దాకా వెళ్ళేవాడు. గంగి కాలు ఎలా ఉందో ముందు అడిగేవాడు, మిగతా సంగతులు తరవాత.

నీతి ఒక్క ముక్కలో చెబుతాను, రాసుకోండి. చట్టం వచ్చాక పోట్లాడే తెలివికన్నా, అది రాసేవాళ్ళ పక్కన ముందే కూర్చుని వాళ్ళ బాధేమిటో అడిగే తెలివి మేలు.

ఇక లేవండి. పంచాయతీ కూర్చునేది ఎల్లుండి. మన ఊళ్ళో కళ్ళానికి చోటెందుకు కరువైందో మీలో ఎవరైనా ఆ రైతుల్ని అడిగారా? అడగలేదు, మీ మొహాలే చెబుతున్నాయి. రేపు పొద్దున వెళ్ళి అడిగి రండి. ఇప్పుడు మాత్రం ఇళ్ళకు పోయి, కాళ్ళు కడుక్కుని, వేడివేడిగా ఉండగానే అన్నం తినండి.