పిండిమరలో పడ్డ పెళ్ళికొడుకు

గొడ్లసావిట్లో సాయంత్రం పూట కథ చెప్పే హక్కు ముసలి మేక వరాలమ్మది. గడ్డిమోపెక్కి ఆమె గొంతు సవరించుకుంటే ఎద్దు భీమన్న కూడా నెమరు ఆపి వినేవాడు. నక్క పానకాలు పట్నం సంత నుంచి ఒక నవల తెచ్చిన నాటి నుంచీ ఆ మోపు మీద వాడే కూర్చుంటున్నాడు.

"నెమళ్ళ పెళ్ళి నవల! ప్రేమకి ప్రేమ, హాస్యానికి హాస్యం. పట్నంలో దీన్ని చదివి నవ్వనివాడు లేడు," అన్నాడు.

పుస్తకం రోజుకొకరి దగ్గరికి వెళ్ళింది. వెనక్కి తెచ్చిచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "కడుపు చెక్కలయ్యిందనుకో!"

"మామ్మకి కాగితాలు నమలడమే గానీ చదవడం ఎక్కడొచ్చు?" అని నక్క అన్న మాట వరాలమ్మ చెవిన పడింది. ఆమె మరిచిపోయే రకం కాదు. నిరుడు తన తవుడు తొక్కిన కోడిపుంజుతో ఇప్పటికీ మాట్లాడదు.

పుస్తకం అడిగి తీసుకుంది. కూడబలుక్కుంటూ తొమ్మిది రోజులు చదివింది. నవ్వుదామని గడ్డం సవరించుకుని కూర్చుంటే, నవ్వేదీ? మొదట్లో నెమలి జంట పోట్లాట, నడుమ వాన, చివర పెళ్ళి. ఒక్క మాట అడిగితే తీరే గొడవని నూట అరవై పేజీలు లాగారు. తనకే అర్థం కాలేదేమోనని ఒక పూట మేత కూడా మానేసింది. ఇక తన మోపు తనకి దక్కదనుకుంది.

అప్పుడు తట్టింది. ముప్ఫయ్యో పేజీ దాటాక కాగితాల అంచులు అచ్చువాళ్ళు కొయ్యనే లేదు. రెండేసి అతుక్కుని ఉంటే తనే పళ్ళతో విప్పుకుంది. మరి ముందువాళ్ళు ఎలా చదివినట్టు?

ఆ సాయంత్రం పానకాలు మోపు మీద నుంచి అడిగాడు. "ఏం మామ్మా, నవ్వొచ్చిందా?"

"రాకేం నాయనా! పెళ్ళికొడుకు పీటల మీంచి లేచి పరిగెత్తి పిండిమరలో పడతాడు చూడూ, అక్కడ."

"నేనూ అక్కడే!" బాతు చిట్టెమ్మ రెక్కలు కొట్టుకుంది. "ఒళ్ళంతా పిండే!"

"పెళ్ళికూతురు దెయ్యమనుకుని చెట్టెక్కలా?" అన్నాడు భీమన్న.

పానకాలు ఊరుకుంటాడా? "నేనైతే ఏడుసార్లు చదివాను. పురోహితుడి తుమ్ముకి పందిరి కూలిందిగా!"

వరాలమ్మ పుస్తకం వాడి ముందు పెట్టింది. "ఏదీ, ఆ పేజీ చూపించు."

నక్క అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పంటిగాట్లు తప్ప పిండి రవ్వ కనపడలేదు.

"ఇందులో పిండిమరే లేదురా. అది నేను పుట్టించాను. నా పళ్ళు తగిలేదాకా ఈ కాగితాలు అతుక్కునే ఉన్నాయి. మీలో ఒక్కళ్ళూ చదవలేదు."

సావిడంతా తలలు దించుకుంది. ముందు చిట్టెమ్మే ఆగలేక పక్కున నవ్వేసింది. "ఒకళ్ళని చూసి ఒకళ్ళం కడుపు పట్టుకున్నాం మామ్మా! అయినా ఆ పిండిమర కథ భలే ఉంది. చెప్పవూ?"

"మోపు ఖాళీ అయితే చెప్తా."

పానకాలు దిగాడు, వరాలమ్మ ఎక్కింది. కథలో పందిరి కూలేసరికి భీమన్న నవ్వి నవ్వి మెడగంట తెంపుకున్నాడు. నక్కకి పేడతట్ట పక్కన చోటు మామ్మే చూపించింది. అక్కడ కూర్చుని, వద్దనుకుంటూనే వాడూ నవ్వాడు.

నవల సంగతంటారా? ఆ తర్వాత వరాలమ్మ దాన్ని నమిలి చూసింది. అట్టకి రాసిన జిగురొక్కటే రుచిగా ఉంది.

నీతి: చదవని పుస్తకాన్ని మెచ్చుకోకండి, చదివినవాళ్ళు ఎక్కడో ఒకరుంటారు.